జమ్మి గద్దె

మోస్రా మండలం,
18 ఆగస్టు 2025

బిడ్డా అంకితా,

పెద్దబాపు ముత్తన్న దీవెనలు. ఇక్కడ మేం బాగానే ఉన్నాం. అంటే, వాన తెరిపి ఇచ్చినప్పుడు బాగుంటాం, మిగతా వేళల్లో ఒకరి మీద ఒకరం కసురుకుంటూ ఉంటాం. ఫోన్ ఉండగా ఉత్తరం ఏంటని నవ్వకు. నా చెవుల సంగతి నీకు తెలిసిందే. ఫోన్లో సగం వినబడుతుంది, మిగతా సగం నేనే కల్పించుకుంటాను. కాగితం మీదైతే నువ్వు అన్నది అన్నట్టే ఉంటుంది.

విషయం ఏంటంటే, మన జమ్మి పూసింది!

రోడ్డు వెడల్పు చేసేటప్పుడు ఊరి పాత జమ్మిని కొట్టేశారు కదా. వార్డు మెంబరుగా సరేనని సంతకం పెట్టింది నేనే. ఊరు ఆ సంగతి మరిచిపోలేదు. బోధన్ ఫ్యాక్టరీకి చెరుకు బండ్లు నడిచిన కాలంలో ఎడ్లు తమంతట తామే ఆ చెట్టు కింద ఆగేవి. అది పోయాక దసరాకు ప్రతి ఏడూ పక్క ఊరి జమ్మి దగ్గరికి పోతున్నాం. పోయిన ఏడు వాళ్లు "మీ జమ్మిని మీరే కొట్కొని, మా కాడికెందుకొస్తరు?" అని మన వాళ్లను వెనక్కి పంపారు. ఊరి కమిటీ పెద్ద సాయన్న అందరి ముందు నా వైపే చూస్తూ, "ముత్తన్నా, నీ చేతుల మీదికెల్లి పోయింది, నీ చేతుల మీదికెల్లే రావాలె" అన్నాడు.

వచ్చింది మరి. పాత మొద్దు పక్కన మొలిచిన పిల్లను తవ్వుకొచ్చి, మన పొలం మూలన పెట్టి, ఎండాకాలాలు బిందెలతో నీళ్లు మోసి బతికించాను. తల్లి పోయినా పిల్లను వదిలిపెట్టి పోయిందని నాకెంత ధైర్యమో. ఇప్పుడు నా నెత్తి దాటింది. చుట్టూ గద్దె కట్టించాను. ఈ దసరాకు ఊరంతా మన దగ్గరికే రావడానికి కమిటీ ఒప్పుకుంది. మీ బాపు ఒక్కడికే కిట్టలేదు. గద్దె తన వాటాలోకి జానెడు జరిగిందని, తనను అడగలేదని అలిగి, నిజామాబాద్‌లో మోటార్ల షాపు దాటి ఇటు రావడమే మానేశాడు. అన్నదమ్ములం మాట్లాడుకోక రెండేళ్లయింది. సరే, ఆ ఊసు ఇప్పుడెందుకు.

కొమ్మ ఒకటి కాగితంలో మడిచి పంపుతున్నా. పూలు చూడు, సగం గులాబి, సగం పసుపు, ఎంత ముద్దుగా ఉన్నాయో. గద్దెకు బోర్డు పెడదామనుకుంటున్నా. జమ్మి అని నేను రాయించగలను. మీ శాస్త్రంలో దాన్నేమంటారో తప్పు లేకుండా నువ్వు రాసి పంపు. ఇంట్లో అంత చదువుకున్న పిల్లను పెట్టుకుని సగం బోర్డు పెడితే నవ్వుతారు.

ఇంకొక తంటా ఉంది. రోడ్డు వైపు గట్టు మీద సర్కారు తుమ్మ కంప. ఏటా నాట్లకు ముందు మొదలంటా నరుకుతాను, ఏటా లేస్తుంది. పక్క పొలం వెంకట్రావు గారు, తాతల నాడు కృష్ణా జిల్లా నుంచి వచ్చినా మాట ఇంకా అక్కడిదే, మొన్న నవ్వుతూనే అన్నారు: "ముత్తన్న గారూ, మీ గట్టు ముళ్లు నా ట్రాక్టర్ టైర్లు తినేస్తున్నాయండీ." దసరాకు జనం నడిచేది ఆ గట్టు మీదే. ఏదో ఒకటి చేయాలి.

మీ పెద్దవ్వ హన్మవ్వ, నువ్వు అక్కడ జొన్నరొట్టె తింటున్నావా లేదా అని అడగమంటోంది.

నీ పెద్దబాపు,
ముత్తన్న


జోధ్‌పూర్,
27 ఆగస్టు 2025

పెద్దబాపుకు దండాలు.

రొట్టె తింటున్నానని పెద్దవ్వకు చెప్పు. సజ్జది. ఇక్కడ జమ్మి కాయలతో కూర కూడా చేస్తారు.

ఈ ఉత్తరం ఎలా మొదలుపెట్టాలో తెలియక మూడు కాగితాలు చింపేశాను. సూటిగా రాయడమే నయం. పెద్దబాపూ, నువ్వు పంపిన కొమ్మ జమ్మిది కాదు. వెలుతురు చెట్టుది. మన దగ్గర గుట్టల మీద, బీళ్లలో ఉంటుంది, మేకలు దాని కాయలు ఇష్టంగా తింటాయి. బహుశా ఏ మేకో మొద్దు పక్కన విత్తనం రాల్చి పోయి ఉంటుంది.

తొందరపడి అనడం లేదు. ఒక ఆకు తుంచి ఎండకు పట్టి చూడు. నడిమి ఈనెకు అటూ ఇటూ చిన్న ఈనెలు జతలుగా ఉంటాయి. జమ్మికి రెండో మూడో జతలుంటాయి. నువ్వు పంపిన దానికి పది దాటాయి. ముల్లు చూడు. నీ చెట్టుకు చిన్న కొమ్మ చివరే మొన తేలి ముల్లయింది. జమ్మికి అలా ఉండదు, కొమ్మ పొడుగునా అక్కడొకటి ఇక్కడొకటి పొట్టి ముళ్లు, అడుగున వెడల్పుగా ఉంటాయి. పువ్వు చూశాక ఇక అనుమానమే లేదు. జమ్మి పువ్వు సన్నగా, అంతా లేత పసుపే. రెండు రంగుల్లో వేలాడదు.

నా కొలువే ఇది కదా. ఎప్పుడో ఎవరో ఎండబెట్టి, కాగితానికి అతికించి, తప్పు పేరు రాసి పెట్టిన మొక్కలను తీసి సరైన పేరు రాయడం. రోజంతా అదే చేసి, నీ కవరు విప్పి, మళ్లీ అదే చేయాల్సి వచ్చింది. కిందటి రాత్రంతా సరిగా నిద్ర పట్టలేదు.

వెలుతురు చెడ్డ చెట్టేమీ కాదు. మన నేలదే. చిక్కుడు, చింత, తుమ్మ, జమ్మి అన్నీ ఉన్న పెద్ద కుటుంబంలోదే, జమ్మికి దూరపు చుట్టం. కానీ జమ్మి కాదు. దసరాకు ఇంకా టైముంది, సాయన్నకు ఇప్పుడే చెప్పెయ్. బోర్డు పని ఆపు.

కోపం తెచ్చుకోకు.

నీ బిడ్డ,
అంకిత


మోస్రా మండలం,
5 సెప్టెంబరు 2025

అంకితకు,

కోపం తెచ్చుకోవద్దని రాశావు కాబట్టి తెచ్చుకోలేదు. అదే వచ్చింది.

ఇన్నేళ్లు నేను బిందెలు మోసింది మేకలు తినే కంపకా? కూర్చున్న చోటు నుంచి, గోరంత కొమ్మ చూసి తేల్చేశావు. ఆ చెట్టు చిగురు వేసిన రోజు నేను చూశాను, చీడ పట్టిన రోజు నేను చూశాను. నువ్వు ఈనెలు లెక్కపెట్టావు.

నిజం చెప్పు. మీ బాపు ఏమైనా అన్నాడా? గద్దె తీసేస్తే తన జానెడు నేల తనకు వస్తుందని ఆశా? బిడ్డ చేత శాస్త్రం రాయించి పంపితే ముత్తన్న నోరు మూస్తాడనుకున్నాడేమో. నాకు చెవులే సరిగా లేవు, బుర్ర బాగానే ఉంది.

పైగా నువ్వే రాశావు, దూరపు చుట్టమని. అయితే ఇంకేం కావాలి? పెండ్లికి సొంత మేనమామ రాకపోతే దూరపు వాళ్లను కూర్చోబెట్టి పని కానిస్తారు. పెండ్లి ఆగుతుందా? చుట్టమైతే చాలు నాకు.

సాయన్నకు నేనేమీ చెప్పను. పెయింటర్ బోర్డు తెచ్చి ఇచ్చేశాడు, "జమ్మి" అని పెద్ద పెద్ద అక్షరాలు. కింద శాస్త్రం పేరుకు ఖాళీ ఉంచమన్నాను. ఖాళీగానే ఉండనీ.

జేసీబీకి చెప్పాను. బతుకమ్మ మొదలయ్యేలోపు గట్టు మీది కంపను వేళ్లతో సహా తీయించి దారి చదును చేయిస్తా. నిన్న ఊరికే నాలుగు కొమ్మలు నరకబోతే అరచెయ్యి చీరుకుపోయింది. ముళ్ల మీద నీకు అంత ఇష్టం కదా, అందులో ఒక ముక్క కవర్లో పెడుతున్నా. ముల్లంటే ఇదీ. ఈనెలు లెక్కపెట్టుకో.

మీ పెద్దవ్వ ఈ ఉత్తరం పోస్టు చేయొద్దంది. చేస్తున్నా.

ముత్తన్న


జోధ్‌పూర్,
12 సెప్టెంబరు 2025

పెద్దబాపూ,

జేసీబీని ఆపు. మిగతాది తర్వాత చదువు, ముందు ఆపు.

నువ్వు తిడుతూ పెట్టిన ముక్క జమ్మిది.

కవరు విప్పాక ముందు నవ్వొచ్చింది, తర్వాత ఆ ముక్కను వెలుతురులో పట్టి చూశాను. కొమ్మ పొడుగునా విడివిడిగా పొట్టి ముళ్లు, అడుగున వెడల్పు. వాడిన ఆకులు నీళ్లలో నానబెట్టి విప్పాను. ఈనెలు రెండే జతలు. కిటికీ అవతల ఉన్న జమ్మి చెట్టు కొమ్మ తెంపి పక్కన పెట్టి చూశాను. మా పెద్ద మేడమ్‌కు చూపించాను, ఆవిడ ఒక్క చూపులో పేరు చెప్పేసింది.

జమ్మిని పైన కొడితే చావదు. వేరు చాలా లోతుకు పోతుంది, పక్కలకూ పాకుతుంది. ఆ పక్క వేర్ల నుంచి కొత్త మొలకలు లేస్తాయి. ఇక్కడి రైతులు ఏటా కొమ్మలు కొట్టి మేకలకు వేస్తారు, ఏటా చిగురిస్తుంది. నీ గట్టు పాత మొద్దుకు ఎంత దూరం? నాకు గుర్తున్నంత వరకు నాలుగు అంగలు. నువ్వు ఏటా నరికింది ఊరి పాత జమ్మినే. మోకాలెత్తు దాటనిస్తే నువ్వే గుర్తుపట్టేవాడివి. దాటనివ్వలేదు.

సర్కారు తుమ్మ అనుకోవడం నీ తప్పు కాదు. మొన్నమొన్నటి వరకు పుస్తకాల్లో కూడా ఆ రెండింటినీ సొంత అన్నదమ్ములుగానే రాసేవాళ్లు. ఈ మధ్యే వేరు కాపురం పెట్టించారు.

పెద్దవ్వ ఫోన్ స్విచాఫ్. నీకు చేస్తే, "జమ్మి" అనేసరికి "వినబడ్తలేదు" అని పెట్టేశావు. వినబడలేదో, వినదలుచుకోలేదో నీకే తెలియాలి. ఇక దారి లేక బాపుకు చేసి, వెంటనే పొమ్మన్నాను. ఆయన నాతో ఏమీ అనలేదు పెద్దబాపూ, నీ ఉత్తరాల సంగతే ఆయనకు తెలియదు. వస్తే లోపలికి రానివ్వు.

అంకిత


మోస్రా మండలం,
20 సెప్టెంబరు 2025

బిడ్డా అంకితా,

నీ ఉత్తరం నిన్న అందింది. మీ బాపు అంతకు ముందే వచ్చి పోయాడు. జేసీబీ కూడా.

పక్క పొలంలో పని ముందే అయిపోయిందని ఆ డ్రైవర్ అనుకోకుండా పోయిన శనివారం పొద్దున్నే వచ్చాడు. ఒక తొట్టె మట్టి ఎత్తి పక్కన పోశాడో లేదో, మీ బాపు మోటార్ సైకిల్ తెచ్చి మిషన్ ముందు అడ్డం పెట్టాడు. రెండేళ్లుగా ముఖం చూపించని వాడు అలా వస్తే నేనేమనుకోవాలి?

"వాటా కొరకొచ్చినవారా భోజన్నా?" అని అరిచాను.

"వాటా నువ్వే ఉంచుకో. గా కంపను మాత్రం ముట్టకు!"

"కంప మీద గింత ప్రేమ, గింత పావురం ఎప్పటికెల్లిరా నీకు?"

"నాకేం ఎరుక? అంకిత చెప్పింది. గదే జమ్మి అంట."

రోడ్డు మీద ఆగిన వాళ్లంతా నవ్వారు. అన్నకో జమ్మి, తమ్మునికో జమ్మి అని ఎవరో అన్నారు కూడా. నాకు ఒళ్లు మండి అనరాని మాటలు అన్నాను. వాడూ అన్నాడు. మా అవ్వ ఉంటే ఇద్దరినీ చీపురుతో కొట్టేది. డ్రైవర్ మా కొట్లాట చూసి, అన్నం తిని వస్తానని పోయినవాడు మళ్లీ రాలేదు. ఆ ఒక్క మేలు జరిగింది.

మీ పెద్దవ్వ ఫోన్ కుడితి బకెట్లో పడింది. అందుకే స్విచాఫ్.

నిన్న నీ ఉత్తరం చదివి గట్టు మీదికి పోయాను. సగం పొద పోయింది. మట్టి లేచిన చోట వేరు ఒకటి బయటపడింది, నా మణికట్టు అంత లావు. దాని వెంట చేత్తో మట్టి తీసుకుంటూ పోయాను. రోడ్డు కిందికి, సరిగ్గా పాత మొద్దు ఉన్న వైపే పోయింది. వేరు మీద నా గొడ్డలి గాట్లు, పాతవి, కొత్తవి. నేను అక్కడే బురదలో కూర్చుని ఏడ్చాను బిడ్డా. వెంకట్రావు గారు చూసి, పాము కరిచిందనుకుని పరిగెత్తుకొచ్చారు.

ఇప్పుడేం చేయాలో చెప్పు. ఏ పనీ తోచడం లేదు. గద్దె దగ్గరికి పోతాను, గట్టు దగ్గరికి వస్తాను. మీ పెద్దవ్వ తిట్టి లోపలికి పిలిచేవరకు ఇదే పని. సాయన్న గద్దెకు సున్నం వేయించాడు. నిజం మనకు తప్ప ఎవరికీ తెలియదు. మీ బాపు మాటను ఊరు నమ్మలేదు. ఊరికి కావలసింది దండం పెట్టుకోవడానికి ఒక చెట్టు. నేను మళ్లీ ఆ ఊరి ముందు నిలబడి, ఒకసారి సంతకంతో, ఆపైన ఏటా గొడ్డలితో కొట్టానని చెప్పాలా? చెప్పొద్దని ఒక్క మాట రాయి. నువ్వు రాస్తే నాకు నిద్ర పడుతుంది.

పెద్దబాపు


జోధ్‌పూర్,
25 సెప్టెంబరు 2025

పెద్దబాపూ,

ముందు వేరును మట్టితో కప్పు. తెగిన చోట పసుపో పేడో ఏమీ పూయకు. నీళ్లు ఎక్కువ పెట్టకు, అది ఎడారిలో బతికే చెట్టు. మిగిలిన మొలకలను ఎవరూ తొక్కకుండా చూడు.

చెప్పొద్దని రాయడానికి రెండు రోజులు ప్రయత్నించాను. చేతకాలేదు. చెప్పమని రాయడానికీ భయంగా ఉంది. నువ్వు చెబితే ఊరంతా ఆ గట్టు మీదికి వస్తుంది. దసరా నాడు జమ్మి ఆకు లేకుండా ఎవరూ ఇంటికి పోరు. అందరూ తలా ఒక రెబ్బ బంగారమని తెంపితే సాయంత్రానికి అక్కడ పుల్లలే మిగులుతాయి. వేరు ఇప్పటికే దెబ్బ తిని ఉంది. ఈసారి మళ్లీ లేవకపోవచ్చు. చెప్పకపోతే బతుకుతుంది, కానీ ఎవరికీ తెలియని కంపగా. వచ్చే ఏడు నువ్వు పొలంలో లేనప్పుడు ఎవరో నరుకుతారు.

ఇక్కడ నేను పేరు మార్చితే ఎండిన మొక్కకు ఏమీ కాదు. చీటీ మారుతుంది, అంతే. అక్కడ పేరు చెప్పడంతోనే చెట్టు చచ్చిపోవచ్చు. ఇలాంటిది నాకు ఎవరూ నేర్పలేదు. సెలవు అడిగాను, ఇవ్వలేదు. వచ్చి పక్కన నిలబడలేకపోతున్నందుకు బాధగా ఉంది.

నువ్వు ఏం చేసినా రాయి. వెంటనే రాయి.

అంకిత


మోస్రా మండలం,
4 అక్టోబరు 2025

బిడ్డా అంకితా,

వెంటనే రాయమన్నావు, నిన్నంతా ఒళ్లు నొప్పులతో లేవలేదు.

ఈసారి దసరా గాంధీ జయంతి నాడే పడింది. యాట కోయొద్దు, మందు దొరకదు. ఊరంతా ముందే చిరాగ్గా ఉంది. అలాంటి రోజు నేను నోరు విప్పాల్సి వచ్చింది.

సాయంత్రం డప్పులతో గద్దె దగ్గరికి వచ్చారు. పూజారి కొబ్బరికాయ ఎత్తాడు. నేను అడ్డం పోయి నిలబడ్డాను. "గిది జమ్మి కాదు. జమ్మి గట్టు మీద ఉన్నది. నేనే ఎరుక లేక ఏటేటా నరికిన" అన్నాను. ఇంకా బాగా చెప్పాలని రాత్రంతా మాటలు కూర్చుకున్నాను, అవేవీ రాలేదు. కాసేపు అందరూ ఒకేసారి మాట్లాడారు. వినబడకపోవడం మంచిదే అనిపించిన రోజు అదొక్కటే. మీ పెద్దవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

సాయన్న గట్టు మీదికి పోయాడు. అందరం వెనకే పోయాం. మీ బాపు అప్పటికే అక్కడ ఉన్నాడు. పొద్దున్నే వచ్చి మొలకల చుట్టూ కర్రలు పాతి, షాపులోని పాత వైండింగ్ తీగ చుట్టి కంచె కట్టాడట. నాకు చెప్పనే లేదు. సాయన్న వంగి, నేను కప్పిన మట్టి కాస్త జరిపి వేరు చూశాడు, గాట్లు చూశాడు, నా వైపు చూశాడు.

"ముత్తన్నా, నీ చేతుల మీదికెల్లే పోయింది. నీ చేతుల మీదికెల్లే వచ్చింది. మల్ల నీ చేతుల మీదికెల్లే పోతుండె. ఇగ నువ్వు గీ చెట్టుకు చేతులు దూరం పెట్టు, తండ్రీ."

ముందు ఒకరు నవ్వారు, తర్వాత అందరూ. నాకూ నవ్వొచ్చింది.

నువ్వు భయపడినట్టే జనం చేతులు చాచారు. నేను కంచె ముందు నిలబడి దండం పెట్టాను: "ఒక్క ఆకు తెంపకుర్రి. నేను తెంపిన కాడికి సాలు." కమిటీ తరఫున సాయన్న గట్టిగా చెప్పాడు, ఆకు ముట్టిన వాడు ఊరికి జుర్మానా కట్టాలని. గట్టు మీద జారుతూ, తిట్టుకుంటూ, వరుసగా వచ్చి దండం పెట్టి పోయారు. ఎవరి చేతిలోనూ బంగారం లేదు. ఖాళీ చేతులతోనే కౌగిలించుకుని అలాయ్ బలాయ్ తీసుకున్నారు. అలవాటు లేక కొందరు కిందికి చూసుకున్నారు.

మీ బాపు నా ముందుకు వచ్చి నిలబడ్డాడు. తీగ చుట్టీ చుట్టీ వేళ్లు కోసుకుపోయి ఉన్నాయి. వాడిని గట్టిగా పట్టుకున్నాను. ఆ జానెడు నేల సంగతి ఇప్పటికీ తేలలేదు, తేలకపోయినా ఏం లేదు.

ఇవాళ పొద్దున గద్దె మీది "జమ్మి" బోర్డు విప్పి గట్టు మీద పాతాను. మీ బాపే పట్టుకున్నాడు, నా చేతులు దూరం పెట్టాలి కదా. కింద ఖాళీ ఉంది, దానికి పేరు రాసి పంపు.

ఇంకొకటి కూడా రాసి పంపు. గద్దె మీది చెట్టును తీసేద్దామా అని ఒకరిద్దరు అడిగారు. తీసేది లేదన్నాను. దానికి సొంత బోర్డు చేయిస్తున్నా. వెలుతురు అని పెద్దగా, కింద మీ శాస్త్రంలో ఏమంటారో అది. తప్పు లేకుండా రాయి. ఇన్నేళ్లు దాన్ని వేరే చెట్టు పేరు పెట్టి పిలిచాను బిడ్డా. అయినా అది పూసింది.

నీ పెద్దబాపు,
ముత్తన్న